ఖాళీ గిన్నె తిరిగివ్వని ఊరు

"కోనసీమ పోయొచ్చినావంట గదా, ఏం చూసినావు?" అని మా నంద్యాలలో ఎవరైనా అడిగితే, "తళతళ మెరిసే ఎనామెల్ బెడ్‌పాన్ చూసొచ్చినా" అంటున్నాను. నవ్వుతారు. నవ్వనీ. కొబ్బరితోటలూ కాలువలూ చూసి రావడానికి ఎవరైనా పోతారు. నేను చూసింది చూడాలంటే పెట్టి పుట్టాలి.

ముప్పయ్యారేళ్ళు నర్సు ఉద్యోగం చేసినదాన్ని. వార్డులో ఒక్క చెంచా తగ్గినా ఊరుకునే మనిషిని కాదు. బీరువా తాళాలు నడుముకు కట్టుకునే తిరిగేదాన్ని. నేను వస్తున్నానంటే డాక్టర్లు కూడా కత్తెర ఎక్కడ పెట్టామా అని తడుముకునేవాళ్ళు. ఈ సంగతి ముందే ఎందుకు చెబుతున్నానంటే, ఈ ప్రయాణంలో నేను పడిన తిప్పలన్నిటికీ ఆ గుణమే కారణం.

నర్సు ట్రైనింగులో నా పక్కమంచం సువార్తది. నాకంటే ఏడాది చిన్న, అందుకని 'అక్కా' అంటుంది. రిటైరయ్యాక సొంతూరు నగరం వెళ్ళిపోయింది. పేరు నగరమే గానీ అమలాపురం, రాజోలు మధ్యన కొబ్బరిచెట్ల కింద దాక్కున్న పల్లె అది. అక్కడ మూతపడిన పాత దవాఖానా ఒకటుంటే, దాని ముందుగదిలో పాత వైద్యసామాను, ఇళ్ళల్లో వాడకం తప్పిన వస్తువులు పోగుచేసి పెట్టింది. వెనకగదిలో తనుంటుంది. పెళ్ళీ పిల్లలూ లేని మనిషి. ఆ గదే దాని సంసారం.

కార్తీకంలో దాని ఉత్తరం వచ్చింది. "అక్కా, ఈ భవనం మా ఊరి సంఘానిది కదా, వాళ్ళు వచ్చే శనివారం గది చూడ్డానికి వస్తున్నారు. పదిమందీ వచ్చి చూడదగ్గదిగా ఉంటే ఉంచుతారుట. లేకపోతే గది ఖాళీ చేయించి సంఘం తోటలో దింపిన కొబ్బరికాయలు పోసుకుంటారుట. సామాను పాత ఇత్తడి కొనేవాడికి వేసేస్తారుట. సగం పనిముట్ల పేర్లు నాకే గుర్తు రావడంలేదు. నువ్వొచ్చి చీటీలు రాసిపెట్టు. నీ కొమ్ము కూడా పట్టుకురా, నీ పేరుతో పెడదాం."

కొమ్ము అంటే, కడుపులో బిడ్డ గుండెచప్పుడు వినడానికి నర్సులు వాడే చెక్కగొట్టం. నాది టేకుది. ఒకవైపు నా చెవి, రెండోవైపు తల్లి కడుపు, మధ్యలో జానెడు కర్ర. ఎంతమంది పిల్లల చప్పుడు దాంట్లో విన్నానో లెక్కలేదు. మల్లుగుడ్డలో చుట్టి ట్రంకుపెట్టె అడుగున పెట్టుకుని బయల్దేరాను.

కోటిపల్లి రేవు

రైలు సంగతి వదిలేయండి, ఒళ్ళు హూనమైందంతే. ద్రాక్షారామంలో దిగి భీమేశ్వరుడికి దణ్ణం పెట్టుకుని, మధ్యాహ్నానికి కోటిపల్లి రేవు చేరాను.

గోదావరి ఒడ్డున ట్రంకుపెట్టె దించి నిలబడ్డాను. మా వైపు ఎండాకాలం వస్తే బిందెడు నీళ్ళ కోసం కుళాయి దగ్గర జుట్లు పట్టుకుంటాం. ఇక్కడేమో ఇన్ని నీళ్ళు ఊరికే పోతున్నాయే అనిపించింది. పక్కనున్న పెద్దాయనతో ఆ మాటే అంటే, "ఆయ్, పోతాయండి. మళ్ళీ వస్తాయి కదండీ" అన్నాడు, తన ఇంటి ఆవు గురించి చెప్పినట్టు.

అవతలి ముక్తేశ్వరానికి పంటు మీద దాటాలి. అంటే రెండు పడవలు జోడించి పైన బల్లలు పరిచిన తెప్ప. మనుషులు, సైకిళ్ళు, అరటిగెలలు, ఒక దూడ, అన్నీ ఎక్కాయి. నా పక్కన తెల్లచీర కట్టుకున్న పాతికేళ్ళ అమ్మాయి కూర్చుంది.

"ఎక్కడికెళ్తున్నారండీ?"

"నగరం."

"ఆయ్! మాదీ అక్కడేనండి. ఎవరింటికండీ?"

అడగడం ఇక్కడ తప్పు కాదు, అడక్కపోతేనే మర్యాద కాదు. నది మధ్యకొచ్చేసరికి నా వయసు, నా మోకాలి నొప్పి, నేను పెళ్ళెందుకు చేసుకోలేదన్న సంగతి, అన్నీ ఆ పిల్లకి తెలిసిపోయాయి. దాని పేరు విజయ, నగరంలో ఆరోగ్యకేంద్రం నర్సు. నేనూ నర్సునే అనేసరికి చెయ్యి పట్టేసుకుంది.

"మా వీధిలో మంగ అని ఒకమ్మాయండి, ఎనిమిదో నెల దాటింది. తొలిచూలండి. దాని గురించే బెంగగా ఉంటందండి నాకు. నా కొమ్ము చీలిపోయింది, కొత్తది రాలేదింకా. ఒట్టి చెవి ఆనించి వింటన్నానండి. వినబడితే వినబడినట్టు, లేకపోతే లేదు."

నా ట్రంకుపెట్టె మా ఇద్దరి కాళ్ళ మధ్యనే ఉంది. అందులో కొమ్ము ఉంది. "నా దగ్గరుంది తీసుకో" అనడానికి ఎంతసేపు పడుతుంది? అనలేదు. ఇచ్చిన వస్తువు తిరిగిరాదన్నది నా ఉద్యోగం నాకు నేర్పిన పాఠం. "చెవి గట్టిగా ఆనించు, వినపడుతుంది" అని సలహా మాత్రం పారేశాను. సలహాకేం, దాన్నెవరూ పగలగొట్టరు గదా.

ముక్తేశ్వరంలో టిఫిను

విజయ పనుందని రేవులోనే విడిపోయింది. నాకు అక్కడి పాకహోటల్లో పనసాకుల బుట్టల్లో ఉడికించిన ఇడ్లీలు పెట్టారు. పొట్టిక్కలంటారు. ఆకు విప్పితే వాసన మా వీధి దాకా కొట్టేలా ఉంది. నాలుగు తిని, పచ్చడి మాత్రం "ఇదేం పచ్చడయ్యా, చంటిపిల్లలు తినేటట్టుంది, కారమేదీ?" అన్నాను. హోటలాయన నొచ్చుకోలేదు సరికదా, లోపలికెళ్ళి ఊరగాయ జాడీ ఎత్తుకొచ్చి నా ముందే పెట్టేశాడు. "తమకెంత కావాలో వేసుకోండి." కాఫీతో కలిపి రెండు రూపాయలు. కొబ్బరిబొండం ముప్పావలా.

అమలాపురం బస్సులో కండక్టరు "కొంచెం లోపలికి జరుగుదురూ, పుణ్యముంటుంది" అంటున్నాడు. మా వైపు కండక్టరు ఇట్లా అంటే, బస్సులో వాళ్ళంతా వాడికి ఒంట్లో బాగలేదేమో అనుకుంటారు.

నగరం

సువార్త గుమ్మంలోనే ఎదురొచ్చింది. సన్నబడింది. నన్ను వాటేసుకుని, "వచ్చేవా అక్కా, ఇంక నాకు భయంలేదు" అంది. నాకు గర్వంగానే ఉండింది, గదిలోకి అడుగుపెట్టే దాకా.

గోడ పొడుగునా మూడు వరసల చెక్కబల్లలు. సగం ఖాళీ! ఉన్నవి కొన్ని: ఇత్తడి మరచెంబు, వక్కల కత్తెర, దంతపు దువ్వెన, సేరూ తవ్వా గిద్దల కొలతలు, బొగ్గుల ఇస్త్రీపెట్టె, మందులు తూచే చిన్న త్రాసు. లేనివే ఎక్కువ.

"దొంగలు పడ్డారా ఏమే?"

"దొంగలేంటక్కా! ఊళ్ళో ఉన్నాయి."

"ఊళ్ళో అంటే?"

"ఉగ్గుగిన్నె సత్యవతిగారి మనవడికి పాలు పట్టడానికి తీసుకెళ్ళేరు. కల్వంలో బాలింత మందు నూరుకుంటానంటే వెంకాయమ్మకిచ్చేను. కిడ్నీ ట్రే వడ్రంగి ఇంట్లో ఉంది, ఆయన చెయ్యి తెగింది కదా, కట్టు మార్చడానికి. గంగాళం పెళ్ళికెళ్ళింది. బెడ్‌పాన్..."

"ఆపు! ఎవరికేమిచ్చావో రాసుకున్నావా?"

"రాయడమెందుకక్కా, నాకు తెలుసు కదా. వాళ్ళకీ తెలుసు."

ఒళ్ళు మండిపోయింది నాకు. "చూడ్డానికి పెట్టిన సామాను వాడుకోనిస్తావా? ఇదేమన్నా పెళ్ళిసామాను అద్దెకిచ్చే కొట్టా?" అని ఎగిరాను. సువార్త చల్లగా, "చంటాడికి గిన్నె కావాలని వస్తే, బల్ల మీద పెట్టేను చూసుకో అని ఎలా అననక్కా?" అంది.

నా ట్రంకుపెట్టె నేను విప్పలేదు. ఇక్కడ పెడితే నా కొమ్ముని ఏ పెళ్ళిలోనో సన్నాయి అనుకుని ఊదేస్తారు. "కొమ్మేదక్కా?" అంటే, "తర్వాత చూద్దాంలే" అన్నాను. రాత్రి కందాబచ్చలి కూర వండింది. ఆవపెట్టిన ఆ కూర ఎంత బాగుందో చెప్పలేను గానీ, కోపంలో ఉన్నాను కాబట్టి బాగుందని చెప్పలేదు.

బుధవారం: నా ఘనకార్యం

పొద్దున్నే చీర కుచ్చిళ్ళు బిగించి ఇల్లిల్లూ బయల్దేరాను. పదకొండు ఇళ్ళు తిరిగాను. ప్రతి ఇంట్లో ఒకటే పాట.

"శనివారం పదింటికి సంఘంవాళ్ళు వస్తున్నారు. సువార్తమ్మ సామాను ఇచ్చేయండి."

"ఆయ్, అలాగేనండి. తప్పకుండా తెచ్చిచ్చేస్తామండి. ముందు కూర్చోండి. ఎండనపడి వచ్చేరు, కాఫీ పుచ్చుకోండి."

"కాఫీ వద్దు. వస్తువు ఇప్పుడే ఇవ్వండి, నేనే మోసుకుపోతా."

"అయ్యబాబోయ్, మీచేత మోయిస్తామాండీ! మేమే తెస్తామండి."

ఏడు కాఫీలు తాగాను. ఒక్క వస్తువు చేతికి రాలేదు. మా వైపైతే ఇవ్వనివాడు "ఇవ్వను పో" అంటాడు, మనమూ నాలుగు అని వస్తాం, తేలిపోతుంది. ఈ తేనెమాటలతో ఎట్లా కొట్లాడేది? తియ్యగా మాట్లాడి సువార్తని ముంచేస్తున్నారు అనుకున్నాను.

పన్నెండో ఇల్లు సత్యవతిగారిది. అరుగు మీద బోర్లించి ఆరబెట్టిన ఉగ్గుగిన్నె కనిపించింది. చిన్న ఇత్తడి గిన్నె, పక్కనుంచి పాలు జారడానికి పిట్టముక్కంత మూతి. లోపల చంటాడి ఏడుపు. సత్యవతిగారు బయటికొచ్చేసరికి గిన్నె నా చేతిలో ఉంది.

"ఇది తీసుకుపోతున్నా."

ఆవిడ మొహం పాలిపోయింది. "ఖాళీగానా అండీ?"

"ఖాళీగానే. నిండుగా తీసుకుపోయి నేనేం చేసుకోను?" అని విసవిసా వచ్చేశాను. పన్నెండిళ్ళకి ఒక్కటైనా సాధించానని పొంగిపోయాను కూడా.

సువార్త ఆ గిన్నె చూసి కూలబడిపోయింది.

"బాలింతింట్లోంచి ఖాళీ గిన్నె పట్టుకొచ్చేవా అక్కా! తెచ్చుకున్న గిన్నె ఎవరైనా ఖాళీగా తిరిగిస్తారా? గుప్పెడు బియ్యమో, బెల్లంముక్కో, ఏదోటి వేసిచ్చే కదా పంపుతారు. ఖాళీగా వెనక్కొస్తే ఇచ్చినింటికీ మంచిది కాదు, పుచ్చుకున్నింటికీ మంచిది కాదు. అందులోనూ పసిపిల్లాడి గిన్నె! ఆవిడెంత నొచ్చుకుని ఉంటుంది!"

నాకు తల కొట్టేసినట్టయింది. మా వైపూ ఈ పద్ధతి ఉండే ఉంటుంది. పదకొండో ఏటినుంచి హాస్టళ్ళలో, క్వార్టర్సుల్లో పెరిగినదాన్ని. నాకు తెలిసిందల్లా సంతకం పెట్టి తీసుకోవడం, సంతకం పెట్టి ఇచ్చేయడం. ఇరుగుపొరుగుతో గిన్నెలు మార్చుకున్న బతుకు కాదు నాది.

ఆ సాయంత్రమే గిన్నెలో పటికబెల్లం వేసుకుని మళ్ళీ వాళ్ళింటికి పోయాను. జీవితంలో ఎవరికీ క్షమాపణ చెప్పినదాన్ని కాదు, ఎట్లా మొదలుపెట్టాలో కూడా తెలియలేదు. "తప్పయిపోయిందమ్మా, నాకు తెలియక..." అన్నాను. గిన్నె ముందుకు చాపాను.

సత్యవతిగారు గిన్నె రెండుచేతులా అందుకుని కళ్ళకద్దుకుంది. "మీరు పెద్దవారండి, అలా అనకండి. ఊరు కొత్త కదండీ మీకు" అని, మనవణ్ణి తెచ్చి నా ఒళ్ళో పడుకోబెట్టేసింది. వాడు నా చీర తడిపేశాడు. ఇంకో కాఫీ తాగాల్సి వచ్చింది.

గురు, శుక్రవారాలు

చీటీలు రాశాను. ఉన్నవాటికీ, లేనివాటికీ కూడా. లేనివాటి చీటీలు ఖాళీ బల్ల మీద వరసగా నిలబెట్టి చూస్తే ఏడుపొచ్చింది. 'బెడ్‌పాన్' అని చీటీ, వెనకాల సున్నం గోడ. 'ఆవిరి పట్టే జగ్గు' అని చీటీ, వెనకాల బల్లి.

ఒక ఇత్తడి గరాటు దగ్గర సువార్తకి అనుమానం వచ్చింది. నేను తిప్పి చూసి, "చెవిలో మందు పోసేది. ఇంత సన్నమూతి ఇంకెందుకుంటుంది?" అని తేల్చి చీటీ రాసేశాను.

రెండు రోజులూ ఒక్క మనిషి గుమ్మం తొక్కలేదు. నేను చేసిన పనికి ఊరు ఊరంతా చిన్నబుచ్చుకుని ఉంటుందని నాకు బెంగ. శుక్రవారం మధ్యాహ్నం వీధిలోకి వెళితే ఏ ఇంటి ముందు చూసినా బెల్లంపాకం వాసన, నూనె కాగే వాసన. ఎవరింట్లోనో పెళ్ళి కాబోలు, మనకి పిలుపు కూడా లేదు చూడు అనుకున్నాను.

తిరిగొచ్చేసరికి సువార్త వెనకగదిలో చీరలు మడతపెట్టి పెట్టెలో సర్దుకుంటోంది.

"ఎక్కడికే?"

"ఎందుకైనా మంచిదని. గది తీసేసుకుంటే వెనకగది మాత్రం నాకెందుకుంచుతారు?" అంది. అంతసేపూ నవ్వుతూ ఉన్న మనిషి పెట్టె మూత మీద తల పెట్టేసి ఏడ్చేసింది. "ఈ సామాను పోతే ఈ ఊళ్ళో నేనెవర్నక్కా? ఎవరొస్తారు నా దగ్గరికి? దేనికొస్తారు?"

నేను పక్కన కూర్చుని, పెట్టెలోంచి చీరలు ఒక్కొక్కటే తీసి మళ్ళీ దండెం మీద వేశాను.

శనివారం పదింటికి

సంఘం అధ్యక్షులు రత్నరాజుగారు, రిటైరైన హెడ్మాస్టరు. తెల్లపంచె, చేతిలో గొడుగు, పక్కన ఇద్దరు సభ్యులు. మర్యాదస్థుడే, కానీ కళ్ళు గది కొలతలు చూస్తున్నాయి. ఇక్కణ్ణించి అక్కడికి ఎన్ని కాయలు పడతాయా అని.

"సువార్తమ్మగారూ, చీటీలు చాలా బాగున్నాయండి. వస్తువులేవండీ?"

సువార్త బల్ల మీద వంకరగా ఉన్న చీటీ ఒకటి సరిచేసింది. సభ్యుల్లో ఒకాయన దగ్గాడు.

"చూడండమ్మా, నాకూ కష్టంగానే ఉంది. కానీ ఖాళీ బల్లల కోసం ఇంత గది..." అంటుండగానే గుమ్మంలో మాట వినిపించింది.

"కొంచెం దారిస్తారాండీ?"

సత్యవతిగారు! పట్టుచీర కట్టుకుని, చేతిలో ఉగ్గుగిన్నె నిండా వెన్న, పైన తులసాకు. తిన్నగా వెళ్ళి 'ఉగ్గుగిన్నె' అన్న చీటీ వెనక పెట్టింది. ఆవిడ వెనక వెంకాయమ్మ, కల్వం నిండా శొంఠి ఉండలు. వడ్రంగి భార్య, కిడ్నీ ట్రే నిండా పూతరేకులు. రోగులకి మందు కొలిచిపోసే గీతల గాజుగ్లాసులో తేనె. సిరంజీలు ఉడకబెట్టే నికెలు డబ్బాలో యాలకులు, అది విజయ తెచ్చింది. ఇద్దరు మగాళ్ళు కర్రకి కట్టి మోసుకొచ్చారు గంగాళం, దానిలో పులిహోర. వీధి చివరిదాకా వరసే! నిన్నటి బెల్లంపాకం, నూనె వాసనలు ఏ పెళ్ళివో అప్పుడర్థమైంది నాకు. పదకొండు ఇళ్ళవాళ్ళు నాకు "తెచ్చిస్తాం" అన్నది నిజంగానే తెచ్చివ్వడానికి. ఖాళీగా మాత్రం తేరు, అంతే.

ఎనిమా డబ్బాలో ఏం వేశారని మీరడుగుతారని నాకు తెలుసు. బంతిపూలు. మరి బెడ్‌పానో? చింతపండూ బూడిదా పెట్టి తళతళలాడేలా తోమి, మట్టి నింపి, మల్లెమొక్క నాటి తెచ్చాడు ఆ ఇంటి పెద్దాయన. "తినేవి వేస్తే బాగోదు కదండీ" అన్నాడు వినయంగా. ముప్పయ్యారేళ్ళ సర్వీసులో బెడ్‌పాన్‌కి అంత మర్యాద జరగడం నేను చూళ్ళేదు. మొక్కని సాయంత్రం గుమ్మం పక్కన నాటాం.

రత్నరాజుగారు హెడ్మాస్టరు గదా, పరీక్ష పెట్టకుండా ఉండలేరు. మూతికి గాజుగొట్టం ఉన్న పింగాణీ జగ్గు చూపించి, "ఇదేమిటండీ?" అన్నారు. నేను నోరు తెరిచేలోపలే దాన్ని తెచ్చిన చేపలాయన అందుకున్నాడు.

"ఆవిరి జగ్గండి. మా నాన్నకి ఉబ్బసం. మరిగిన నీళ్ళు ఇక్కడిదాకా పోయాలండి, పైదాకా పోస్తే గొట్టంలోకొచ్చి నోరు కాలిపోద్ది. దుప్పటి కప్పకూడదండి, గొట్టమే నోట్లో పెట్టుకోవాలి." జగ్గు తీసుకుని చేసి చూపించాడు. నేను ట్రైనింగు పిల్లలకి వారం రోజులు చెప్పే పాఠం రెండు నిమిషాల్లో చెప్పేశాడు, నాకంటే బాగా.

ఇంతలో ఒక ముసలావిడ నా చీటీ కూడబలుక్కుని చదివి పకపకా నవ్వింది. "చెవిలో పోసేదా! ఓలమ్మా, ఇది లాంతర్లో కిరసనాయిలు పోసే గరాటు తల్లీ. నేనిచ్చిందే ఇది! చెవిలో పోసేరు గాక!"

గదంతా ఒకటే నవ్వు. సువార్త కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. ఇంకొకప్పుడైతే నేను మండిపడేదాన్ని. ఆ పూట మాత్రం చీటీ చింపి, అందరికంటే గట్టిగా నవ్వాను.

నవ్వులు ఆగకముందే వరసలో చివరి మనిషి లోపలికొచ్చింది. రత్నరాజుగారి భార్య కరుణమ్మగారు. చేతిలో పింగాణీ కప్పు, మంచంలో ఉన్న రోగులు పడుకునే తాగడానికి మూతి ఉన్నది. నిండా పాయసం.

రత్నరాజుగారు బిత్తరపోయారు. "నువ్వెందుకొచ్చేవు? అది మనింట్లోది కదా! అమ్మ తాగేది!"

"కాదండి. సువార్తమ్మగారిది. అత్తయ్యగారికి పక్షవాతం వచ్చిన్నాటినుంచీ మనింట్లో ఉంది."

"నాకెప్పుడూ చెప్పలేదేం?"

"మీరెప్పుడూ అడగలేదు కదండీ." కరుణమ్మగారు గొంతు పెంచలేదు. కప్పుని దాని చీటీ వెనక పెట్టి, కొంగుతో అంచు తుడిచింది. "ఏడాదిగా ఆవిడ దీనితో తప్ప తాగదు. గ్లాసుతో పోస్తే పొలమారిపోతుంది. అందరూ తెస్తున్నారని తెచ్చేనండి. సాయంత్రం జావకి మళ్ళీ పట్టుకెళ్ళాలి. గదిలో కొబ్బరికాయలు పోసేసి, సామానంతా ఇత్తడివాడికి వేసేస్తే, దీనికోసం ఎవరినడగనండీ?"

రత్నరాజుగారు ఆ కప్పు దగ్గరికెళ్ళి వంగి చూశారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. తర్వాత సభ్యుల వైపు తిరిగి హెడ్మాస్టరు గొంతుతో, "రాసుకోండి. ఈ గది సువార్తమ్మగారి సామానుకే. వెనకగది ఆవిడకే, ఆవిడున్నన్నాళ్ళూ. కొబ్బరికాయలకేంటండీ, తాటాకుల పాకేసినా ఉంటాయి" అన్నారు.

"ఆయ్!" అన్నారు సభ్యులిద్దరూ ఒక్కసారే. అప్పటికే వాళ్ళ మూతులకి పూతరేకుల చక్కెర.

సువార్త గోడకానుకుని నిలబడే ఏడుస్తోంది. నేనా? నేను పులిహోర వడ్డించడానికి గరిటె అందుకున్నాను. ఆ రోజు ఆ గదిలో ఎంతమంది తిన్నారో! ముప్పయ్యారేళ్ళలో నేను నడిపిన ఏ వార్డూ అంత బాగా నడవలేదు.

ఆదివారం: తిరుగు ప్రయాణం

ఊరంతా సర్దుమణిగాక, శనివారం సాయంత్రమే, ట్రంకుపెట్టె విప్పి కొమ్ము తీశాను. చీటీ రాసి బల్ల మీద పెట్టాను. నిలబడి చూస్తే అందంగానే ఉంది గానీ, ఎందుకో నోరులేని దానిలా అనిపించింది. యాలకుల డబ్బా సర్దుతున్న విజయని పిలిచాను.

"ఇట్లా రా. ఇది ఆ రోజు పంటు మీద మన కాళ్ళ దగ్గరే ఉండె. నీకు చెప్పలేదు. తప్పు నాదే. తీసుకో, మంగ దగ్గరికి పో."

విజయ కొమ్ముని రెండు చేతులతో పట్టుకుంది. "మళ్ళీ తెచ్చిస్తానండి."

"ఖాళీగా తేవద్దు."

"రెండువైపులా చిల్లే కదండీ, అందులో ఏం పోసేదండీ?" అని నవ్వేసి పరుగెత్తింది.

పొద్దున బయల్దేరుతూ గదిలోకి తొంగిచూశాను. ముందురోజు నిండిన బల్లలు అప్పుడే సగం ఖాళీ. పింగాణీ కప్పు లేదు. ఉగ్గుగిన్నె లేదు. నా చీటీ వెనక సున్నం గోడ. నాకు కోపం రాలేదు. రాలేదేమిటా అని నన్ను నేనే చూసుకున్నాను.

నంద్యాల వచ్చిన మూడు వారాలకి సువార్త ఉత్తరం వచ్చింది. గుమ్మం పక్కన మల్లెమొక్క చిగురేసిందిట. రత్నరాజుగారి అమ్మగారు బాగున్నారుట. చివర ఇలా ఉంది:

"విజయ నిన్న నీ కొమ్ము తెచ్చిచ్చింది అక్కా. వెనకాలే మంగ, మంగ చేతుల్లో పదకొండు రోజుల ఆడపిల్ల. కొమ్ముని నీ చీటీ దగ్గర పెట్టి, పక్కనే పిల్లని పడుకోబెట్టేరు. 'సిస్టరుగారికి రాయండి, ఖాళీగా తేలేదని' అంది విజయ."

ఆ ఉత్తరం ఇప్పటికి ఎన్నిసార్లు చదివానో నాకే తెలియదు. మా వీధిలో మాత్రం అందరికీ చదివి వినిపించాను.